దూరంగా ఉండటమూ పనికొస్తుంది
ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చున్న ఇంటర్న్ వల్ల సహాయ సంస్థల జవాబుదారీతనం పెరగదని, ఇంటి నుంచి చేసే ఇంటర్న్‌షిప్‌ల మీద వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగిన తర్వాత, ఒక సంస్థకి హైదరాబాద్ నుంచే ఇంటర్న్‌గా పనిచేశాను. సాయం అందినవాళ్లకి ఫోన్ చేసి, చెప్పింది చెప్పినట్టు షీట్‌లో ఎక్కించడం నా పని. ఒకావిడ, "బియ్యం ఇచ్చారమ్మా, స్టవ్వు బురదలో పోయింది, దేని మీద వండను?" అంది. వ్యాన్ మెయిన్‌రోడ్డు మీదే ఆగిపోతోందని, మెట్లు దిగలేని ముసలివాళ్ల దాకా ఏదీ రావడం లేదని ఇంకొందరు చెప్పారు. ఈ మాటలు సరుకులు పంచే కుర్రాడి ముందు ఎవరూ అనరు, రేపు మళ్లీ అతని దగ్గరే చెయ్యి చాపాలి కదా. ఊరూ పేరూ తెలియని నాతో అయితే ధైర్యంగా చెప్పారు. మానవతా సహాయానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం, కోర్ హ్యుమానిటేరియన్ స్టాండర్డ్‌లోని తొమ్మిది హామీల్లో ఐదోది సరిగ్గా దీని గురించే: బాధితులు భయం లేకుండా ఫిర్యాదు చేయగలగాలి, దానికి పరిష్కారం దొరకాలి. చిక్కంతా ఆ రెండో సగంతోనే. షీట్ నిండుతుంది, కానీ ఏ ఫిర్యాదు ఏమైందో ఇంటర్న్‌కి చెప్పే నాథుడుండడు, ఇక ఆవిడకి తిరిగి ఫోన్ చేసి ఏం చెబుతాం? వ్యాసకర్త నిలదీయాల్సింది దీన్ని. స్టైపెండ్ సంగతి కూడా రాయాల్సింది. జీతం లేని ఇంటర్న్‌షిప్ అయితే ముంపు ప్రాంతాల పిల్లలు అసలు చేరలేరు.