ప్రొజెక్టర్లు సరే, పిల్లలు రాసింది చదివేదెవరు?

ఏటా దసరా దగ్గరపడంగనే అమెరికాల ఉన్న మన తెలుగోళ్ల అసోసియేషన్ నుంచి మెయిల్ వస్తది, ఊరి బడికి కంప్యూటర్లు ఇద్దాం, ప్రొజెక్టర్ ఇద్దాం అని. నేను మూడుసార్లు ఇచ్చిన, పేపర్ల ఫొటో కూడా పడ్డది, మా అమ్మ ఆ ముక్క కత్తిరించి ఇంకా బీరువాలనే దాచుకున్నది. పోయిన డిసెంబర్‌ల హన్మకొండ పోయినప్పుడు పరకాల దిక్కున్న ఆ బడికి పోతే కంప్యూటర్ రూముకు తాళం, చెవి పెద్దసారు దగ్గర, పెద్దసారేమో మీటింగుల. కిటికీలకెళ్లి తొంగి చూసిన, మానిటర్ల మీది ప్లాస్టిక్ కవర్లు కూడా ఇప్పలేదు.

గని అదే బడిల ఎనిమిదో తరగతికి చెప్పే సోషల్ సారు ఒకాయన నయాపైస ఖర్చు లేకుండ తన ఫోన్‌లనే క్లాసుకు ఒక బ్లాగ్ నడుపుతున్నడు. వాట్సాప్ గ్రూపు ఉండంగ మళ్ల ఇదెందుకు సార్ అంటే నవ్విండు. గ్రూపుల పొద్దుగాల హోంవర్క్ పెడితే రాత్రికి దాని మీద గుడ్ మార్నింగ్ పువ్వులు, పెండ్లి కార్డులు యాభై పడతయట, ఇంట్ల ఉన్న ఒక్క ఫోన్ పట్టుకోని నాయిన ఏనుమాముల మార్కెట్‌కు పత్తి అమ్మ పోతడు, తొమ్మిదింటికి ఫోన్ పోరని చేతికి వచ్చేసరికి హోంవర్క్ ఎక్కడ్నో పైన ఉంటది, దొరకది. బ్లాగ్ అయితే పక్కింటి అన్న ఫోన్‌ల తీసినా కనబడ్తది, జ్వరమొచ్చి వారం బడికి రానోడు కూడా తారీఖు చూసి ఏం పోయిందో తెలుసుకుంటడు.

నాకైతే హోంవర్క్ ముచ్చట చిన్నది. పాఠాలకేం తక్కువ లేదు, కరోనా టైంల 2020 సెప్టెంబర్ 1 నుంచి సర్కారు చదువుల ఛానల్ టీశాట్‌ల, దూరదర్శన్ యాదగిరిల చెప్పనే చెప్పిండ్రు, పుస్తకాల మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్ష అనే సర్కారు యాప్‌ల వీడియోలు వస్తయి. లేనిదల్లా ఈ క్లాసు పిల్లలు వాళ్లంతట వాళ్లు చేసిన పని, దాన్ని సారు గాక ఇంకో మనిషి చదువుడు.

ఒక పిల్ల వానాకాలంల వాళ్ల ఊరి చెరువు నిండి మత్తడి దుంకిన సంగతి రాసింది. నోట్‌బుక్కుల రాస్తే సారు వాయిస్ టైపింగ్‌ల చదివి ఎక్కించిండు, అది మత్తడిని మూడుచోట్ల ‘మత్తు అడిగి’ అని కొట్టింది, అట్లనే ఉండె. నేను డల్లాస్‌ల కూసోని కింద కామెంట్ పెట్టిన, తూముకు మత్తడికి తేడా ఏందమ్మా అని (నాకు తెలుసు, ఊకెనే అడిగిన). నాలుగు రోజులకు కొత్త పోస్టు వచ్చింది, వాళ్ల తాతను అడిగిందట, తూముకెళ్లి పొలాలకు ఇడుస్తరు, చెరువు నిండినంక కట్ట తెగకుండ ఎక్కువైన నీళ్లు పోయేది మత్తడి, తూము మనం తెరిస్తనే పారుతది, మత్తడి ఎవల్నీ అడగది అని. బొమ్మ గీసి బాణం గుర్తులు కూడా పెట్టింది. కాకతీయులు తవ్వించిన రామప్ప, పాకాల చెరువుల గురించి పరీక్షకు బట్టీ పట్టి రాసినదానికి దీనికి పోలికే లేదు.

అందుకే నేననేది, ఈసారి కమిటీ ప్రొజెక్టర్ పైసలు ఆపి, పది క్లాసులకు ఇసొంటి బ్లాగులు మొదలుపెట్టిచ్చి మనలో ఒక్కొక్కరికి ఒక్కో క్లాసు అప్పజెప్పాలె, వారానికి అర్ధగంట చదివి ఒక ప్రశ్న అడగాలె, ‘సూపర్, గుడ్’ అని బొటనవేలు బొమ్మ పెట్టుడు గాదు. సార్లకు పని ఎక్కువైతదనేది నిజమే, ఈ సారు కూడా ఆదివారాలు కూసుంటున్నడు, టైపింగ్‌కు ఒక డిగ్రీ పిలగాన్ని పెట్టి నెలకింత ఇస్తే ఆ పైసలకు అర్థముంటది. ఫొటోలు, ఇంటి పేర్లు మాత్రం పెట్టొద్దు, 2023ల వచ్చిన డేటా చట్టం ప్రకారం పద్దెనిమిదేండ్ల లోపు పిల్లల వివరాలకు అమ్మానాయినల ఒప్పుదల కావాలె, పెట్టే కామెంట్లు కూడా ముందు సారు చూసినంకనే బయటికి రావాలె.

ఆ పిల్ల మొన్న నన్నే ఎదురు అడిగింది, అంకుల్ మీ దగ్గర చెరువులకు మత్తడి ఉంటదా, ఉంటే ఏమంటరు అని. మా ఇంటికి పది నిమిషాల దూరంల పెద్ద లేక్ ఉన్నది, పదేండ్లసంది దాని పక్కకెళ్లే ఆఫీసుకు పోతున్న, నీళ్లు ఎటుకెళ్లి పోతయో ఒక్కనాడు చూడలే. శనివారం పోయి చూసొచ్చి రాస్తనని చెప్పిన.