మీట్ రోజు చిట్కాలతో మెడల్ రాదు

పిల్లల ఈత పోటీలు దగ్గరపడితే చాలు, తల్లిదండ్రుల గ్రూపుల్లో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతుంది. పరగడుపున తీసుకెళ్లండి, ఒళ్లు తేలిగ్గా ఉంటుంది. రేసుకు ముందు గ్లూకోజ్ నీళ్లు పట్టించండి. వార్మప్ చేయనివ్వకండి, శక్తి వృథా. ఖరీదైన రేసింగ్ సూట్ వేయిస్తే సెకన్లు తగ్గుతాయి. చివరి లేన్ ఇస్తే ఒప్పుకోకండి. డిస్‌క్వాలిఫై చేస్తే అక్కడే నిలదీయండి. ఇవన్నీ పాటిస్తే మెడల్ ఖాయమని అందులో ఉంటుంది. వీటిలో పూర్తిగా నిలబడే మాట ఒక్కటీ లేదు. కొన్నయితే పిల్లలకు చేటు కూడా.

ముందు తిండి సంగతి. మీట్ అంటే ఒక్క రేసు కాదు. పొద్దున్నే వార్మప్, ఆ తర్వాత గంటల తరబడి ఎదురుచూపులు, మధ్యమధ్యలో రెండు మూడు ఈవెంట్లు. ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లవాడు మొదటి రేసు ఎలాగో లాగించినా, తర్వాతి దానికి నీరసపడిపోతాడు. రేసుకు రెండు మూడు గంటల ముందు రోజూ తినేదే తినాలి. మధ్యలో ఆకలేస్తే తేలికైనవి కొంచెం కొంచెంగా పెట్టాలి. ఇక గ్లూకోజ్. 50 మీటర్ల రేసు చాలామంది పిల్లలకు నిమిషం లోపే అయిపోతుంది. అంతసేపటికి కావలసిన శక్తి కండరాల్లో ముందే ఉంటుంది. బ్లాక్ (రేసు మొదట్లో నీళ్లలోకి దూకే దిమ్మ) ఎక్కే ముందు తాగించిన తీపి నీళ్లు ఆ రేసుకు అందవు సరికదా, కొందరికి కడుపులో తిప్పుతుంది. మంచినీళ్లు మాత్రం రోజంతా తాగిస్తూ ఉండండి. ఈదుతున్నప్పుడూ చెమట పడుతుంది, మనకు తెలియదంతే.

నాకు ఎక్కువ కోపం తెప్పించేది వార్మప్ వద్దనే మాట. వార్మప్ ఒళ్లు వేడెక్కడానికే కాదు. ఆ కొలను పిల్లలకు కొత్త. బ్లాక్ ఎంత ఎత్తుంది, గోడ కాలికి జారుతోందా, అన్నీ అప్పుడే తెలియాలి. బ్యాక్‌స్ట్రోక్ సంగతే చూడండి. వెల్లకిలా ఈదే పిల్లకు గోడ కనిపించదు. అందుకే గోడకు 5 మీటర్ల ముందు, నీటికి పైన చిన్న జెండాల తాడు కడతారు. జెండాలు తల మీదుగా దాటగానే ఆ పిల్ల స్ట్రోకులు లెక్కపెట్టడం మొదలుపెట్టాలి. ఎన్నో స్ట్రోకుకు చెయ్యి గోడకు తగులుతుందో తెలిసిన పిల్ల వేగం తగ్గించకుండా దూసుకొస్తుంది. తెలియని పిల్ల వెనక్కి తిరిగి చూసుకుంటూ వేగం పోగొట్టుకుంటుంది, లేదంటే తల కొట్టుకుంటుంది. ఆ లెక్క సరిచూసుకోవడానికి వార్మప్ తప్ప వేరే సమయం లేదు.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్‌లో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ గాగుల్స్‌లోకి నీళ్లు చేరాయి. గోడ సరిగా కనిపించకపోయినా స్ట్రోకులు లెక్కపెట్టుకుంటూ ఈది, ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచాడు. ఆ లెక్క అతనికి అప్పటికప్పుడు వచ్చింది కాదు, ఏళ్ల ప్రాక్టీసులో ఒంటబట్టింది.

సూట్ అసలు పనిచేయదని నేను అనను. 2009 రోమ్ ప్రపంచ పోటీల్లో పాలియురెథేన్ (ఒక రకం ప్లాస్టిక్) సూట్ల హయాంలో 43 ప్రపంచ రికార్డులు వచ్చాయి. 2010 నుంచి వాటిని నిషేధించాల్సి వచ్చింది. కానీ పదేళ్ల పిల్లవాడికి సెకన్లు పోయేది బట్టలో కాదు. డైవ్ చేశాక చేతులు విడిపోతాయి, తల పైకి లేస్తుంది, టర్న్ (గోడ దగ్గర వెనక్కి మళ్లడం) దగ్గర గోడను సరిగా తన్నడు. అక్కడ పోతాయి. అమెరికా ఈత సంఘం యూఎస్ఏ స్విమ్మింగ్ 12 ఏళ్లు, ఆ లోపు పిల్లలకు టెక్ సూట్లను (ఇలాంటి ఖరీదైన రేసింగ్ సూట్లను) 2020లో ఆపేసింది. ఆ డబ్బుతో ఒంటికి సరిపోయే మామూలు స్విమ్ సూట్, నీళ్లు కారని గాగుల్స్ రెండు జతలు కొనండి. ఆ గాగుల్స్‌ను కూడా ముందే ప్రాక్టీసులో వాడించండి.

లేన్ల గురించి గొడవ అనవసరం. ఎంట్రీలో ఇచ్చిన టైమింగ్‌ను బట్టే లేన్లు వస్తాయి. 8 లేన్ల కొలనులో ఒక హీట్‌లో (ఒకేసారి కలిసి ఈదే బ్యాచ్‌లో) అందరికంటే వేగమైన వాళ్లకు 4వ లేన్, తర్వాత వరుసగా 5, 3, 6, 2, 7, 1, 8. పైగా చాలా పిల్లల మీట్లలో ఫైనల్ విడిగా ఉండదు, అన్ని హీట్ల టైమింగులూ కలిపి స్థానాలు ఇస్తారు. చివరి లేన్‌లో ఈదినా మెడల్ రావచ్చు. తన హీట్‌లో మొదట వచ్చినా రాకపోవచ్చు. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పి తీసుకెళితే ఫలితాల దగ్గర ఏడుపు ఉండదు.

డిస్‌క్వాలిఫికేషన్ అవమానం అనుకోబట్టే నిలదీయమంటున్నారు. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో, బటర్‌ఫ్లైలో టర్న్ దగ్గరా ఫినిష్ దగ్గరా రెండు చేతులూ ఒకేసారి గోడను తాకాలి. పిల్లలు తొందరలో ఒక చెయ్యి ముందు వేసేస్తారు. జడ్జి చూసింది రాస్తారు, అంతే. నిజంగా అభ్యంతరం ఉంటే కోచ్ వెళ్లి రెఫరీతో మాట్లాడతారు. అమ్మానాన్నలు గట్టు మీద అరుస్తుంటే, తడి టవల్ కప్పుకొని నిలబడ్డ ఆ పిల్లకు చేసిన తప్పు కంటే ఆ గొడవే ఎక్కువ గుర్తుండిపోతుంది. ఏ తప్పు రాశారో కోచ్‌ని అడిగి తెలుసుకోండి. మర్నాటి ప్రాక్టీసులో దిద్దుకునేది అదే.

మెడల్ వచ్చినా రాకపోయినా పిల్లల పాత టైమింగ్‌తో కొత్తది పోల్చి చూడండి. కాకపోతే 25 మీటర్ల కొలనులో చేసిన టైమింగ్‌ను 50 మీటర్ల కొలనులో చేసినదానితో పోల్చకండి. చిన్న కొలనులో టర్నులు ఎక్కువ, గోడను తన్నిన ప్రతిసారీ వేగం కలిసొస్తుంది. పెద్ద కొలనులో ఒకటి రెండు సెకన్లు ఎక్కువ పట్టిందని పిల్లను తిడితే, బాగా ఈదిన రేసుకు తిట్టినట్టు అవుతుంది.