తుర్క్‌మెన్లు ముసుగేసుకున్న షామాన్లా?

"తుర్క్‌మెన్లు పేరుకే ముస్లింలు. లోపల ఉన్నది ఇస్లాంకు ముందటి షామాన్ మతమే, అదీ చెక్కుచెదరకుండా." మధ్య ఆసియాలోని తుర్క్‌మెన్ల గురించి ఈ మాట తెగ తిరుగుతోంది. షామాన్ అంటే పూనకంలో ఆత్మలతో మాట్లాడి జబ్బులు నయం చేసే మాంత్రికుడు. రుజువులుగా చూపేవి మూడు: పోర్ఖాన్లు, సమాధుల దగ్గర మొక్కులు, కుష్త్‌దెప్ది నాట్యం.

పోర్ఖాన్ జబ్బులు నయం చేస్తాడు. పూనకం వస్తుంది, కత్తులతో ఆడతాడు, నిజమే. కానీ సైబీరియా షామాన్ డప్పు కొడితే, ఇక్కడ పక్కన బఖ్షి, అంటే పాటగాడు, కూర్చుని రెండు తీగల దుతార్ మీటుతాడు. పోర్ఖాన్ వేడుకునేది అల్లాను, ఔలియాలను (పుణ్యపురుషులను), లొంగదీసేది జిన్నులనే కంటికి కనపడని శక్తులను. ఆ జిన్నుల్లోనూ ముస్లింలు, కాఫిర్లు అని రెండు జట్లు! ఇస్లాంను తీసేస్తే ఈ తంతు ఎవరికీ అర్థం కాదు. అలాగని పాత జాడలు లేవనను. గుడారం నడినెత్తిన పొగ పోయే కంత నుంచి వేలాడే తాడు పట్టుకుని పోర్ఖాన్ పైకి ఎగబాకడం గురించి సోవియట్ పరిశోధకుడు వ్లదీమిర్ బసీలోవ్ రాశాడు. ఆ తాడు ఖురాన్‌లోంచి రాలేదు. అయితే జాడ మిగిలితే మతమంతా మిగిలినట్టా?

సమాధుల వాదన ఇంకా బలహీనం. పరావ్ బీబీ అనే పుణ్యస్త్రీ మందిరం దగ్గర పిల్లల కోసం చిన్న చిన్న ఉయ్యాలలు పెట్టి మొక్కుతారు. గోజ్లీ అతాను సూఫీగానే కొలుస్తారు. ఇలాంటి చోట్లను చూసుకునే ఔలాద్ వంశాలు తాము ప్రవక్త ఇంటివాళ్ళమనో, ప్రవక్త తర్వాత పాలించిన తొలి ఖలీఫాల సంతతి అనో చెప్పుకుంటాయి. వాళ్ళ గౌరవమంతా అక్కడి నుంచే. కడప పెద్ద దర్గాలో మొక్కుకునే ముస్లింను మనం షామాన్ అంటామా?

అసలు ఈ కథ ఎక్కువగా సోవియట్ కాలపు రాతల్లోంచి వచ్చింది. మతం చచ్చిపోతున్న అవశేషమని చూపడం అప్పటి ప్రభుత్వానికి అవసరం. మసీదులు దాదాపు అన్నీ మూయించి, జనం సమాధుల దగ్గరికి వెళ్తే "చూశారా, పాత మతం" అన్నారు. మసీదు మూసేశాక ఇంకెక్కడికి పోతారు?

ఇక కుష్త్‌దెప్ది. దాని మూలాలు దేవుడి పేరు పదేపదే తలచే సూఫీల జిక్ర్‌తో, వైద్యపు తంతులతో ముడిపడినవే. 2017లో యునెస్కో జాబితాకెక్కింది. ఇప్పుడు పెళ్ళిళ్ళలో, ప్రభుత్వ ఉత్సవాల్లో ఆడేవాళ్ళు ఏ జిన్నునూ పిలవరు, ఏ రోగికీ వైద్యం చేయరు.