ఆ రసంతో గుండెలో బ్లాకులు కరగవు

వాట్సాప్‌లో మళ్లీ అదే మెసేజ్ తిరుగుతోంది. నిమ్మ, అల్లం, వెల్లుల్లి రసాలు, యాపిల్ సిడర్ వెనిగర్ ఒక్కో కప్పు మరిగించి, చల్లారాక మూడు కప్పుల తేనె కలిపి, రోజూ పరగడుపున ఒక చెంచా తాగితే బ్లాకులన్నీ తెరుచుకుంటాయని, స్టెంట్లు (మూసుకున్న రక్తనాళాన్ని తెరిచి ఉంచే సన్నని జాలీ గొట్టాలు) అక్కర్లేదని, మాత్రలు మానేయవచ్చని, అసలు గుండెపోటు వంశంలో ఉంటే ఎవరూ ఆపలేరని. మా ఫ్యామిలీ గ్రూపులోకీ వచ్చింది కాబట్టి ఒక్కో మాటా పట్టుకుని జవాబిస్తున్నాను.

"బ్లాకులు తెరుచుకుంటాయి." తెరుచుకోవు. బ్లాకు అంటే గుండె రక్తనాళంలో పేరుకున్న కొవ్వు, అది చేరేది రక్తనాళం గోడ లోపలి పొర కింద, ఏళ్ల తరబడి. తాగిన రసం అక్కడికి వెళ్లి దాన్ని కరిగించలేదు. వెల్లుల్లి కొలెస్ట్రాల్‌ను కాస్త తగ్గించవచ్చని కొన్ని పరిశోధనల్లో కనిపించిన మాట నిజమే, కానీ అది మందుకు బదులు కాదు. షుగర్ ఉన్నవాళ్లకైతే తేనె కూడా చక్కెర కిందే లెక్క.

"మాత్రలు మానేయవచ్చు." నాకు భయం వేసేది ఈ మాటకే. స్టెంట్ వేశాక ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లాంటి మరో మాత్ర ఇచ్చేది స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి, డాక్టర్ చెప్పకముందే ఆపేస్తే ఆ స్టెంటే మూసుకుపోవచ్చు. మా బంధువు ఒకాయన ఇంట్లో ఫ్రిజ్ తలుపులో ఈ రసం సీసా, ఫ్రిజ్ మీద కవర్లో ఒక్క మాత్రా తీయని స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) స్ట్రిప్ చూశాను. అడిగితే, "కొలెస్ట్రాల్ నార్మల్‌కి వచ్చింది కదమ్మా, ఇంకా ఎందుకు?" అన్నారు. నార్మల్‌కి వచ్చింది ఆ మాత్ర వల్లేనని, ఆపితే మళ్లీ పెరుగుతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. డిశ్చార్జ్ కాగితమంతా ఇంగ్లీషులో ఉంది, మెసేజేమో చక్కని తెలుగులో ఉంది. ఆయన్ని నేను తప్పు పట్టలేను. మీ ఇంట్లో ఎవరైనా ఉంటే ఆ కాగితం తీసుకెళ్లి, ఏ మాత్ర దేనికో, ఎన్నాళ్లో డాక్టర్ దగ్గరే తెలుగులో రాయించుకోండి, మొహమాటపడకండి.

"వంశంలో ఉంటే ఆపలేం." 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో వచ్చింది. మొదటి గుండెపోటు ముప్పులో దాదాపు 90 శాతం తొమ్మిది అంశాలతోనే ముడిపడి ఉందని అందులో తేలింది. పొగ, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, పొట్ట, టెన్షన్, కూరలూ పండ్లూ తినకపోవడం, కదలకుండా కూర్చోవడం అందులోవే, ఇవన్నీ మన చేతిలో ఎంతోకొంత ఉన్నవే. నాన్నకో అన్నకో చిన్న వయసులో వచ్చి ఉంటే మీరు పరీక్షలు ఇంకా ముందే చేయించుకోవాలి, అంతేగానీ చేతులెత్తేయకూడదు. సిగరెట్, బీడీ, చుట్ట ఏదైనా సరే, మానేసిన ఏడాదికే గుండెజబ్బు ముప్పు సుమారు సగానికి పడిపోతుంది. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదు, అంటే ఒక టీస్పూను లోపే, ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయలు అన్నీ కలిపి. వారానికి 150 నిమిషాలు కాస్త వేగంగా నడవాలి.

ఛాతీ నొప్పి వస్తే ఇంకో రెండు చెంచాలు తాగమని కూడా ఆ మెసేజ్‌లో ఉంది. దయచేసి ఆ పని చేయకండి. ఛాతీ పట్టేసి, చెమటలు పోసి, నొప్పి చేతికో దవడకో పాకుతుంటే గ్యాసేలే అనుకుని పడుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవాళ్లలో, కొందరు ఆడవాళ్లలో నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉండొచ్చు, అప్పుడూ అంతే.