లెక్కల్లో ఫస్టు, లెక్కలు మాత్రం వద్దు

పోయిన వేసవిలో అనంతపురం వెళ్లినప్పుడు ఒక రాత్రి కరెంటు పోయి అందరం మిద్దె మీద పడుకున్నాం. మా అన్న కూతురు నా పక్కన చేరి, "అత్తా, సున్నాను సున్నాతో భాగిస్తే ఎందుకు కుదరదు?" అని అడిగింది. అప్పుడే ఇంటర్ ఫస్టియర్ అయిపోయిన పిల్ల. మ్యాథ్స్ 1ఎ, 1బి రెండింట్లోనూ 75కి 75. లిమిట్స్ లెక్కల్లో, అంటే ఒక విలువకు దగ్గరగా పోతూ ఉంటే జవాబు ఎక్కడికి చేరుతుందో చూసే లెక్కల్లో, సున్నా బై సున్నా వచ్చినప్పుడల్లా పైనా కిందా కారణాంకాలు తీసి కొట్టేయడం నిద్రలో లేపి అడిగినా చేస్తుంది. ఎందుకు కొట్టేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. కాలేజీలో అడిగితే సారు "అది ఎగ్జామ్‌లో రాదు" అన్నాడట.

ఆరును రెండుతో భాగిస్తే మూడు అంటున్నామంటే, రెండు మూళ్లు ఆరు కాబట్టి. మరి సున్నాను ఎంతతో హెచ్చవేస్తే సున్నా వస్తుంది? ఐదు పెట్టినా వస్తుంది, తొంభై పెట్టినా వస్తుంది. ఇంతవరకే చెప్పాను. పిల్ల కాసేపు చుక్కలు చూస్తూ ఊరుకుంది. తర్వాత, "అయితే జవాబు లేక కాదత్తా, జవాబులు ఎక్కువై" అంది. అందుకేనా మరి ఒక్కో లిమిట్ లెక్కకు ఒక్కో ఆన్సర్ వస్తుంది అని కూడా తనే అంది. నేను ఇక నిద్రపోలేదు.

పొద్దున ఉగ్గాని, బజ్జీలు తింటూ మా అన్నతో ఈ మాట ఎత్తాను. "దీనికి మ్యాథ్స్ బాగా వస్తాయమ్మా, అందుకే సీఎస్ఈ చేయిస్తాండా" అన్నాడు. లెక్కలు బాగా వచ్చు కాబట్టి లెక్కలు తప్ప ఇంకేదైనా చదివించాలన్నమాట. వినడానికి తిక్కగా ఉంది కదా? మన జిల్లాల్లో, మనం వచ్చిపడిన ఈ అమెరికాలో కూడా, తెలుగువాళ్లందరూ నడిచేది ఈ లెక్క మీదే. నేనూ దానికి మినహాయింపు కాదు.

నేను అనంతపురంలోనే బీఎస్సీ ఎంపీసీ చదివాను. రియల్ అనాలిసిస్ చెప్పిన మేడం లిమిట్ నిర్వచనం రాసిన రోజు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. బోర్డు మీద ఎప్సిలాన్, డెల్టా అనే గ్రీకు అక్షరాలు చూసి యాభై మందిమీ బిక్కచచ్చిపోయి కూర్చున్నాం. ఆమె చాక్‌పీసు పక్కన పెట్టి, "పాతూర్లో గాజులు కొనేటప్పుడు ఏం చేస్తారు?" అన్నారు. "మీరు గీచి గీచి బేరమాడతారు. మీరు అడిగేది ఎప్సిలాన్. దానికి అంగడాయన చెప్పే జవాబు డెల్టా. మీరు ఎంతకు దిగినా ఆయన దగ్గర ఒక జవాబు ఉండాల. ఒక్క బేరానికి జవాబు లేకపోయినా లిమిట్ లేనట్టే. ముందు అడగాల్సింది మాత్రం మీరే, గుర్తుపెట్టుకోండి." ఆ రోజు క్లాసులో అందరూ నవ్వారు. లెక్కలంటే ఇద్దరి మధ్య వాదన అని నాకు ఆ రోజే తెలిసింది. అంతకుముందు లెక్కలంటే ఇంపార్టెంట్ క్వశ్చన్లే.

1997లో హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ మ్యాథ్స్ సీటు వచ్చింది. ఎంసీఏ సీట్లకు రాసే ఐసెట్‌లో ర్యాంకు కూడా వచ్చింది. నాన్న తిట్టలేదు, అరవలేదు. "ఎమ్మెస్సీ చేస్తే పోస్టు ఎప్పుడు పడుతుందా అని చూస్తా కూచోవాల. ఎంసీఏ చేస్తే అమెరికా" అన్నాడు. ఆయన జోస్యం అక్షరాలా ఫలించింది. ఈ ఇల్లూ, ఈ కారూ అన్నీ ఆ మాట చలవే కాబట్టి నాన్న మీద నాకు ఫిర్యాదేమీ లేదు. కాకపోతే ఇన్నేళ్లుగా బ్యాంకుల సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను, ఒక్కరోజూ మేడం చెప్పినలాంటి బేరం తగల్లేదు.

సరే, నాన్నది పాతకాలం అనుకుందాం. రెండేళ్ల కిందట మా అమ్మాయి ఇక్కడ హైస్కూల్లో, "అమ్మా, నేను మ్యాథ్ మేజర్ చేస్తా" అంది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట: "చెయ్యి, కానీ సీఎస్ కూడా కలిపి డబుల్ మేజర్ చెయ్యి." అన్నాక నాలుక్కరుచుకున్నాను. మ్యాథ్ కోచింగులకూ పోటీలకూ శనాదివారాలు పిల్లల్ని కార్లలో తిప్పేది మనమే, తీరా ఆ పిల్ల నిజంగా మ్యాథ్ కావాలంటే గుండె గుభేలుమనేదీ మనకే.

ఆడపిల్లలకు లెక్కలంటే భయం, ఆ భయం పోగొట్టాలి అని సభల్లో చెప్తుంటారు. మా జిల్లాల సంగతి నాకు తెలిసినంతవరకు అది ఉత్త మాట. కర్నూలు, కడప, అనంతపురం ఎక్కడైనా ఇంటర్ రిజల్ట్స్ రోజు ఫ్లెక్సీలు చూడండి, ఎంపీసీ ఫోటోల్లో ఎంతమంది ఆడపిల్లలుంటారో. మార్కులకు కొదవేమీ లేదు. పిల్లలకు కొరతగా ఉన్నది తీరిక. ఎంసెట్‌లో (ఇప్పటి ఈఏపీసెట్లో) మూడు గంటలకు 160 ప్రశ్నలు. లెక్కగడితే ఒక్కో ప్రశ్నకు 67 సెకన్ల చిల్లర. రెండేళ్లపాటు పొద్దున్నుంచి రాత్రిదాకా ఆ 67 సెకన్లకే పిల్లల్ని నూరితే, 68వ సెకను నుంచి ఆలోచించడం తప్పు అనుకుంటారు. సున్నా బై సున్నా గురించి అడిగిన పిల్ల అక్కడ టైమ్ వేస్టు చేసే పిల్ల.

అసలు గణితం చేసేవాళ్లు ఎలా ఉంటారో చూడండి. జారిస్కీ అనే గణితవేత్త 1949లో ఒక ప్రశ్న వేశాడు. మోటుగా చెప్పాలంటే, రెండు ఆకారాల మీద ఒకే రకంగా స్తంభాలు లేపితే ఆ స్తంభాలు రెండూ ఒకటే అయ్యాయనుకోండి, అప్పుడు అడుగున ఉన్న ఆకారాలు కూడా ఒకటే అయి తీరాలా? అవుననే అనిపిస్తుంది. కోల్‌కతాలో బెథూన్ కాలేజీలో బీఎస్సీ మ్యాథ్స్ చదివిన నీనా గుప్తా, అలా కానక్కర్లేదని చూపించే ఉదాహరణను 2014లో కట్టి చూపించారు. మామూలు సంఖ్యల లోకంలో కాదు, వేరే రకం సంఖ్యల లోకంలో. ప్రశ్న పుట్టిన 65 ఏళ్లకు. 2021లో ఆమెకు యువ గణితవేత్తలకిచ్చే రామానుజన్ ప్రైజ్ వచ్చింది. అదే 2014లో, గణితంలో నోబెల్ లాంటి ఫీల్డ్స్ మెడల్ అందుకున్న తొలి మహిళ, ఇరాన్‌లో పుట్టిన మరియం మీర్జాఖానీ, తాను నిదానంగా ఆలోచించే మనిషినని చెప్పుకునేవారు. పెద్ద పెద్ద కాగితాలు నేల మీద పరిచి బొమ్మలు గీసుకుంటూ పనిచేసేవారట. మన కాలేజీల్లో అయితే ఆమెను సి-సెక్షన్‌లో పడేసేవాళ్లు.

ఇంకో పెద్దాయన మాట చెప్పాలి. సి.ఆర్. రావుగారు 1920లో అప్పటి బళ్లారి జిల్లా హడగలిలో పుట్టారు. బళ్లారి అంటే మన దత్తమండలాల్లోదే, పాత రాయలసీమలోదే. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి, కలకత్తా వెళ్లి స్టాటిస్టిక్స్‌లో ప్రపంచమంతా వాడే సూత్రాలు చెప్పారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకున్నారు. చిన్నప్పుడు వాళ్లమ్మ లక్ష్మీకాంతమ్మగారు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేవారని ఆయనే రాసుకున్నారు. అది చదివినప్పుడల్లా నాకు మా జేజి గుర్తొస్తుంది. మా జేజీ నన్ను నాలుగింటికే లేపేది. వాకిట్లో కళ్లాపి చల్లడానికి.

ఇప్పుడు అంత లేదులెండి, మా అన్న కూతురు ముగ్గు వేయడం నేను చూడలేదు. ఇప్పటి అడ్డం వేరే, దాని పేరు దూరం. అదీ మనం అనుకున్నంత లేదు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ) వాళ్ల బీమ్యాథ్ అనే గణితం డిగ్రీ కోర్సు నడిచేది బెంగళూరులో, మైసూరు రోడ్డులో. అనంతపురం నుంచి బస్సెక్కితే నాలుగైదు గంటల్లో దిగుతాం. కడప వాళ్లకు చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ (సీఎంఐ) ఒక రాత్రి ప్రయాణం కూడా కాదు. తిరుపతిలో సైన్సు చదువులు చెప్పే ఐసర్ ఉంది. ఐఎస్ఐలో బాగా చదివినంత కాలం నెలనెలా స్టైపెండ్ కూడా ఇస్తారు. కొన్నేళ్లుగా అక్కడి ఎంట్రన్స్‌లో ఒక పేపరుకు రెండు గంటల టైమ్ ఇచ్చి ఎనిమిదే ప్రశ్నలు అడుగుతున్నారు. ప్రశ్నకు పావుగంట! ఈ సంగతులు నేను అనంతపురంలో పలకరించిన పదిమంది తల్లిదండ్రుల్లో ఒక్కరికీ తెలియవు. ఇంజనీరింగ్ కాలేజీల సంగతి మాత్రం ఏ కాలేజీకి ఎన్ని బస్సులు తిరుగుతాయో కూడా చెప్పారు.

అంత దూరం పోలేని పిల్లలకు ఊళ్లోనే ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీలున్నాయి, ఎస్కే యూనివర్సిటీ ఉంది, కడపలో యోగి వేమన, కర్నూలులో రాయలసీమ యూనివర్సిటీ ఉన్నాయి. డిగ్రీ ఎక్కడ చేసినా ఎమ్మెస్సీకి ఐఐటీలకు జామ్ అనే ఎంట్రన్స్ రాయవచ్చు. ఎంటీటీఎస్ అని 1993 నుంచి వేసవిలో నడిచే ట్రైనింగ్ ఉంది. డిగ్రీ పిల్లల్ని కూర్చోబెట్టి, జవాబు చెప్పకుండా ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి ఆలోచింపజేస్తారు. మా మేడం లాంటివాళ్లు ఇరవై మంది ఒకేచోట ఉన్నట్టు.

డబ్బు మాట దాటవేయను, మా అన్న మొదట అడిగింది అదే. సీఎస్ఈ పిల్లకు నాలుగో ఏడు క్యాంపస్‌లో ఉద్యోగం వస్తే వస్తుంది. మ్యాథ్స్ పిల్లకు అంత తొందరగా రాదు. ఎమ్మెస్సీ తర్వాత నెట్‌లో జేఆర్ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ కొడితే పీహెచ్‌డీ చేస్తూ నెలకు 37,000 వస్తుంది, ఇంటద్దె భత్యం వేరే. ఇన్సూరెన్స్ కంపెనీలు, బ్యాంకులు, డేటా ఉద్యోగాలు గణితం వచ్చినవాళ్లను తీసుకుంటాయి. అందరూ ఎగబడుతున్న ఏఐకి అడుగున ఉన్నది లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీలే. ఇవన్నీ నిజమే అయినా, వీటిని ఎరగా చూపించి పిల్లను మ్యాథ్స్‌లో చేర్చడం నాకు నచ్చదు. రేపు ఇంకో గిరాకీ వస్తే అటు లాగుతాం.

ఇక్కడి మన తెలుగు సంఘం ఏటా పదోతరగతి, ఇంటర్ టాపర్లకు మెమెంటోలు పంపిస్తోంది. నన్నడిగితే ఆ షీల్డులు ఆపేద్దాం. 75కి 75 వచ్చిన పిల్లకు ఇంకో షీల్డు ఎందుకు? ఆ డబ్బుతో ఐఎస్ఐ, సీఎంఐ, ఐసర్ పరీక్షల ఫీజులు కడదాం. పరీక్షకు పిల్లతోపాటు వచ్చే తల్లికో తండ్రికో బస్సు చార్జీ, ఒక రాత్రి బసకు డబ్బు ఇద్దాం. సీటొస్తే హాస్టల్ అడ్వాన్సు. మనలోనే గణితం, స్టాటిస్టిక్స్ చెప్పే ప్రొఫెసర్లున్నారు. ఏడాదిలో నాలుగు ఆదివారాలు పొద్దున ఆ తల్లిదండ్రులతో ఫోన్‌లో మాట్లాడమని అడుగుదాం. పిల్లలకు ఉపన్యాసాలు అక్కర్లేదు, మాట్లాడాల్సింది నాన్నలతో. మన యాసలో, ఓపిగ్గా. మొదటి ఫోన్‌కు ఒప్పుకోరు.

మా అన్నతో నాకు ఇప్పటికి అయిదు ఫోన్లు అయ్యాయి. నాలుగింట్లో సీఎస్ఈ గొప్పతనమే విన్నాను. పోయిన ఆదివారం తనే చేశాడు. వాళ్లావిడ పంటి నొప్పి, చెనక్కాయల ధర, ఎండలు అన్నీ అయ్యాక, ఫోన్ పెట్టేసే ముందు అడిగాడు.

"అమ్మా, ఆ మైసూరు రోడ్డు కాలేజీలో ఆడపిల్లలకు హాస్టల్ లోపల్నే ఉంటుందా, బయటనా?"

కనుక్కుని చెప్తానన్నాను.

"ఊరికే అడిగినాలే" అన్నాడు. మళ్లీ తనే, "పొద్దున ఆరుగంటల బస్సుకు పోతే చూసుకోని రాత్రికి ఇల్లు చేరచ్చు గదా?" అన్నాడు.