కొత్తిమీర కట్టతో ఖమ్మం దాకా

మొన్న కార్తీకంలో మా అత్తమ్మను వందే భారత్ ఎక్కించడానికి వరంగల్ స్టేషన్‌కు పోయాను. విశాఖలో ఉన్న చిన్న కూతురి ఇంటికి ఆమె ప్రయాణం. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు మా ఆవిడ చెప్పింది ఒక్కటే మాట, "అమ్మను సీట్ల కూసోబెట్టి, వచ్చేటప్పుడు కొత్తిమీర పట్టుకరాండ్రి." పది నిమిషాల పనే కదా అని నేను ఇంట్లో వేసుకునే నిక్కరు, మోచేతి దగ్గర చిరిగిన టీషర్టు, రబ్బరు చెప్పులతోనే స్కూటర్ తీశాను. వచ్చేటప్పుడు మర్చిపోతానేమోనని కొత్తిమీర పోయేటప్పుడే కొన్నాను. ఆ రోజు మొత్తంలో నేను తెలివిగా చేసిన పని అదొక్కటే.

నా గురించి ఒక సంగతి ముందే చెప్పాలి. నాకు రైళ్ల పిచ్చి. నడపడం రాదు, బాగుచేయడం రాదు, రిజర్వేషన్ కూడా మా బామ్మర్దే చేస్తాడు, కానీ వాటి గురించి మాట్లాడమంటే మాత్రం తిండి మానేసి మాట్లాడతాను. చెన్నై పెరంబూరులోని రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో 2018లో మొదటి వందే భారత్ బండి తయారైనప్పుడు దాన్ని ట్రైన్ 18 అనేవాళ్లు. ఆ ఏడాది డిసెంబర్‌లో అది ట్రయల్ రన్‌లో 180 కిలోమీటర్ల స్పీడు అందుకున్న వీడియోను నేను ఇంట్లో టీవీకి కనెక్ట్ చేసి మరీ చూపించాను. అందరూ సీరియల్ కోసం కూర్చున్నారు, ఆ సంగతి వేరే.

అత్తమ్మకు మాత్రం ఇదే మొదటిసారి. ప్లాట్‌ఫాం మీద బండి కోసం చూస్తూ ఆమె అడిగింది, "ఇంజిన్ ఏ దిక్కుకు ఉంటది అల్లుడూ?"

ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది.

"ఇంజినే ఉండదత్తమ్మా" అని మొదలుపెట్టాను. పాత బండ్లలో ముందు ఒక ఇంజినుండి మొత్తం పెట్టెల్ని లాగేదని, పదహారు పెట్టెల వందే భారత్ అయితే ఎనిమిదింటి కింద మోటార్లుంటాయని, అందుకే నిలబడ్డ చోటు నుంచి వంద స్పీడు అందుకోవడానికి 52 సెకన్లు చాలని, మొదటి బండిలో ఆ మోటార్లను నడిపే ఎలక్ట్రానిక్స్ చేసింది మన హైదరాబాద్ కంపెనీ మేధానే అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆమె అంతా విని, "గుజరాత్ల బర్రెలు తగిలితే దీని ముక్కు ఊడిపోయిందని టీవీల చెప్పిండ్రు, గిదేనా?" అంది. అవును, 2022 అక్టోబర్‌లో గాంధీనగర్–ముంబై బండికి అలా జరిగింది, ఆ ముక్కు ఫైబర్‌ది, ఇనుముది కాదు, దెబ్బతింటే ఊడదీసి కొత్తది బిగిస్తారు అని నేను ఉత్సాహంగా వివరిస్తుంటే ఆమె మధ్యలో ఆపి, "ముక్కు సంగతి సరే, బర్రెలు బతికినయా?" అంది. నలభై ఏళ్లు పాడి చేసిన మనిషి. బర్రెలు చనిపోయాయని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

నాలుగున్నర దాటాక బండి వచ్చింది. ఇక్కడ ఆగేది నిమిషం, ఎక్కువలో ఎక్కువ రెండు. తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి, కింద నుంచి మెట్టు జరుగుకుంటూ బయటికొచ్చింది. ఆ మెట్టును ఆమెకు చూపిస్తూ, "చూసినవా, ప్లాట్‌ఫాంకీ బండికీ నడుమ సందు లేకుండా..." అంటుండగానే వెనక నుంచి ఎవరో "జరుగు పెద్దమనిషీ" అని తోశారు. బ్యాగు, పచ్చడి జాడీ, చెగోడీల డబ్బా పట్టుకొని ఆమెతో పాటు నేనూ లోపలికి పోయాను.

సీటు దొరికింది, సామాను పైన పెట్టాను, అక్కడితో దిగితే ఈ కథే లేదు. కానీ ఆమె సీటులో కూర్చొని అటూ ఇటూ కదిలి, "ఇది తిరగదా? తిరుగుతదన్నవ్ గదా" అంది. తిరిగేవి ఎగ్జిక్యూటివ్ క్లాసులో అత్తమ్మా, ఇది చైర్ కార్, ఇందులో సగం సీట్లు ముందుకు చూస్తాయి, సగం వెనక్కి చూస్తాయి, మనకు వెనక్కి చూసేది పడింది అని చెప్పి, ఆ చిన్నబోయిన ముఖం చూడలేక, ఇంకేదైనా గొప్ప సంగతి చెబుదామని తలుపు వైపు చెయ్యి చూపించాను.

"ఆ తలుపులు ఉన్నయే, అవి డ్రైవర్ చేతిల ఉంటయి. అన్నీ మూసుకుంటే గానీ బండి కదలదు. ఒకసారి మూసుకున్నయంటే మళ్ల వచ్చే స్టేషన్ దాక..."

ఆ "దాక" నోట్లో ఉండగానే టింగ్ టింగ్ అని చప్పుడైంది.

నేను పరుగెత్తిన మాట నిజం. సీట్ల మధ్య సందులో ఒకాయన సూట్‌కేస్ పైకెత్తుతున్నాడు, దాని కింద నుంచి వంగి దూరి తలుపు దగ్గరికి చేరేసరికి అది చాలా మర్యాదగా, తొందర లేకుండా, నా ముక్కుకు జానెడు దూరంలో మూసుకుంది. అద్దంలోంచి బయట ప్లాట్‌ఫాం మీద బజ్జీలమ్మే అతను కనిపించాడు. నన్ను చూశాడు, నా చేతిలో కొత్తిమీర చూశాడు, మెల్లగా వెనక్కి జరిగిపోయాడు. నిజానికి జరిగింది నేను. 52 సెకన్లు ఏమీ అబద్ధం కాదు.

చైన్ గుంజుదామంటే ఇందులో చైనుండదు. ఎమర్జెన్సీ బటన్ ఉంటుంది, సిబ్బందితో మాట్లాడే మైకు పెట్టె ఉంటుంది. అదెలా పనిచేస్తుందో నాకు బాగా తెలుసు, కానీ నొక్కి ఏమని చెప్పాలి? "సార్, నేను మీ బండి గొప్పతనం చెబుతుంటే మీరు బండి తీసేశారు" అనా? వెనక్కొచ్చి అత్తమ్మ సీటు పక్కన నిలబడ్డాను. ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూసి, "నువ్వు గూడ వస్తున్నవా బిడ్డా? చెప్పనే లేదు" అంది.

అసలు బాధ ఇంకోటుంది. సికింద్రాబాద్–విశాఖ బండి 2023 సంక్రాంతి రోజున మొదలైంది కదా, ఆ కొత్తలోనే రాజమండ్రిలో ఒకాయన సెల్ఫీ కోసం ఎక్కితే తలుపులు మూసుకుపోయి తర్వాతి స్టేషన్ దాకా పోయాడు. లోపల టీసీ ఆయన్ను నిలదీస్తున్న వీడియో దేశమంతా తిరిగింది. ఆ వీడియోను మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది ఎవరో కాదు, నేనే. పెట్టి ఊరుకున్నానా, "చదువుకున్నోళ్లు కూడా ఇట్లుంటరు" అని కింద రాసి, పగలబడి నవ్వే బొమ్మలు ఆరు పెట్టాను. ఇప్పుడు నెక్కొండ స్టేషన్ బోర్డు చదవడానికి కూడా వీల్లేకుండా వెనక్కి పోతుంటే నాకా ఆరు బొమ్మలూ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి.

టీసీ వచ్చాడు. మంచి మనిషి, నలగని నల్లకోటు.

"టికెట్?"

జేబులోంచి పది రూపాయల ప్లాట్‌ఫాం టికెట్ తీసిచ్చాను.

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు సార్."

ఆయన కళ్లద్దాలు తీసి కొత్తిమీర వంక చూశాడు. బహుశా ఉద్యోగంలో చేరినప్పటి నుంచి చాలా రకాల సమాధానాలు విని ఉంటాడు. ప్లాట్‌ఫాం టికెట్ ఉండటం మంచిదైంది, ఎక్కింది వరంగల్‌లోనే అని దానితో తేలింది, లేకపోతే సికింద్రాబాద్ నుంచి లెక్క కట్టేవాళ్లట. ఖమ్మం దాకా చార్జీ, దాని మీద ఫైన్. పర్సు ఇంట్లో ఉంది. ఫోన్‌లో నాలుగు శాతం చార్జింగ్ ఉంది. ఫోన్‌పే తెరిచి, ఆ చక్రం గుండ్రంగా తిరుగుతున్నంతసేపు నేను, టీసీ, అత్తమ్మ, పక్క సీటులో ఉన్న కాలేజీ అమ్మాయి నలుగురం ఊపిరి బిగబట్టాం. కేసముద్రం దాటాక పేమెంట్ అయింది. ఫోన్ మూడు శాతానికొచ్చింది. ఆ మూడు శాతంతో మా ఆవిడకు ఫోన్ చేశాను.

"ఎక్కడున్నరు?"

"మానుకోట దాటుతున్నం."

అటు వైపు కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత చాలా నెమ్మదిగా, "కొత్తిమీర కోసం మానుకోట దాక పోయిండ్రా?" అంది. విషయం చెప్పాను. తలుపుల గురించి చెప్పాను. ఇది భద్రత కోసం పెట్టిన ఏర్పాటు అని, కవచ్ కూడా అలాంటిదేనని, దాన్ని మన లింగంపల్లి–వికారాబాద్ లైన్లోనే పరీక్షించారని, 2022 మార్చిలో రైల్వే మంత్రి స్వయంగా ఇంజిన్లో కూర్చుంటే ఎదురుగా ఉన్న ఇంజిన్‌కు 380 మీటర్ల దూరంలో బండి దానంతటదే ఆగిందని... ఎందుకు చెప్పానో నాకే తెలియదు, కంగారులో నోటికొచ్చేది అదే. "రెండు బండ్లు గుద్దుకోకుండ ఆపుతదట గని, ఇంటాయన ఎక్కకుండ ఆపేది ఇంకా కనిపెట్టలేదా?" అని మా ఆవిడ అడిగింది. జవాబు చెప్పేలోగా ఫోన్ ఆరిపోయింది.

స్నాక్స్ ట్రేలు వచ్చాయి. టికెట్ ఉన్నవాళ్లకు. అత్తమ్మ తన సమోసాను రెండు ముక్కలు చేసి పెద్ద ముక్క నాకిచ్చింది. పక్కనున్న అమ్మాయి మర్యాదకు, "మీకు ట్రైన్స్ గురించి చాలా తెలుసనుకుంటా అంకుల్" అంది. ఆ అమ్మాయి తప్పేం లేదు. కానీ నేను ఆగలేదు. నిలబడే చెప్పాను, కొత్తిమీరను కర్రలా తిప్పుతూ చెప్పాను. ఈ బండికి 160 పోయే సత్తా ఉన్నా ఈ లైన్లో 130 దాటదని, మొత్తం దూరం దాదాపు 700 కిలోమీటర్లు ఎనిమిదిన్నర గంటల్లో పోతే సగటున 82 పడుతుందని, స్పీడు బండిలో ఉంటే చాలదు, పట్టాల్లోనూ సిగ్నళ్లలోనూ ఉండాలని, అసలు ఆట ముందుందని, 280 స్పీడుకు తగ్గట్టు డిజైన్ చేసే రెండు బండ్ల ఆర్డరు 2024 అక్టోబర్‌లో బెంగళూరు బెమెల్ కంపెనీకి ఇచ్చారని, ఎనిమిదేసి పెట్టెలు, ఒక్కో పెట్టెకు 27.86 కోట్లు అని.

వెనక సీటులోని పెద్దాయన పేపర్ మడిచి, "280 అయితే మీరు ఈపాటికి బెజవాడ దాటేటోళ్లు" అన్నాడు. బోగీలో సగం మంది నవ్వారు. అత్తమ్మ కూడా.

డోర్నకల్ దగ్గర బండి కొంచెం నెమ్మదించింది. నాలో ఆశ పుట్టి తలుపు దాకా పోయాను. జంక్షన్ కదా, ఒకవేళ సిగ్నల్ పడితే... పడలేదు. పడినా తలుపు తెరవరని నాకంటే బాగా తెలిసినవాడు ఆ బోగీలో లేడు, అయినా పోయాను. మనిషి బుద్ధి.

ఖమ్మంలో దిగాను. తలుపు తెరుచుకోగానే ఆ మెట్టు మళ్లీ ముద్దుగా బయటికొచ్చింది, దాని మీద కాలు పెట్టకుండా నేరుగా దూకాను. అద్దంలోంచి అత్తమ్మ చెయ్యి ఊపింది. పక్కన ఆ అమ్మాయి కూడా ఊపింది. దిగే ముందు అత్తమ్మ నా గుప్పిట్లో కుక్కిన అయిదు వందల నోటుతో బస్టాండుకు పోయి, మరిపెడ, తొర్రూరు, వర్ధన్నపేట మీదుగా ప్రతి చోటా ఆగుతూ పోయే బస్సెక్కాను. ఆ బస్సు తలుపు సరిగ్గా పడదు, తాడుతో కట్టారు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. గంటలో వచ్చిన దూరం మూడున్నర గంటల్లో వెనక్కి పోయి, స్కూటర్ తీసుకొని ఇంటికి చేరేసరికి రాత్రి పదిన్నర. కొత్తిమీర పాలకూరలా వేలాడిపోయింది. మా ఆవిడ దాన్ని అందుకొని నీళ్ల గిన్నెలో పెట్టింది, ఏమీ అనలేదు. ఫోన్ చార్జింగ్‌లో పెడితే ఫ్యామిలీ గ్రూపులో ఆ రాజమండ్రి వీడియో మళ్లీ కనిపించింది, బామ్మర్ది పెట్టాడు, కింద నేను రాసిన మాటే, ఆరు బొమ్మలతో సహా.

పది రోజుల తర్వాత అత్తమ్మ తిరుగు ప్రయాణం, మళ్లీ అదే బండి, మధ్యాహ్నం పూట. ఈసారి ప్యాంటు వేసుకున్నాను, పర్సు పెట్టుకున్నాను, ఫోన్ వంద శాతం చార్జింగ్ చేశాను. బండి ఆగింది. తలుపు దగ్గర మూడు బ్యాగులు, ఒక మాడుగుల హల్వా డబ్బాల మూటతో అత్తమ్మ కనిపించింది. "లోపటికొచ్చి అందుకో బిడ్డా, మోయలేను" అంది. నేను కాలు కూడా లేపలేదు. "లోపలికి రానత్తమ్మా, ఒక్కొక్కటి ఇటు అందియ్యి" అన్నాను. "బరువున్నయి, రెండడుగులు రారాదా?" "రాను. మొన్ననే చెప్పిన గదా, తలుపులు డ్రైవర్ చేతిల ఉంటయి, ఒకసారి మూసుకున్నయంటే..."

టింగ్ టింగ్.

ఈసారి నేను బయట ఉన్నాను. అత్తమ్మ, మూడు బ్యాగులు, హల్వా లోపల ఉన్నాయి. అద్దంలోంచి ఆమె నన్నే చూస్తోంది, పెదాలు కదులుతున్నాయి గానీ ఏమంటోందో వినబడటం లేదు, ఆ అద్దాలు అంత బాగా బిగిస్తారు. ఇక్కడి నుంచి బండి మళ్లీ ఆగేది సికింద్రాబాద్‌లోనే. జేబులో ఫోన్ మోగుతోంది. మా ఆవిడ.