పదిలో ఉందామా, పదకొండుకి పోదామా?

విండోస్ 10కి ఉచిత సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి పాత కంప్యూటర్ ఉన్న ప్రతి ఇంటా తేల్చుకోవాల్సిన మహా సమస్య ఒకటి వచ్చిపడింది: పదకొండుకి మారాలా, వద్దా? ఇంతటి విషయాన్ని హడావుడిగా తేల్చడం బాధ్యతారాహిత్యం. పెద్దల్ని అడగాలి, మంచిరోజు చూడాలి, వీలైతే అఖిలపక్షం పిలవాలి.

2015లో పది వస్తున్నప్పుడు "ఇదే ఆఖరి విండోస్" అని దాన్ని తయారుచేసే మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒకాయన సభాముఖంగా సెలవిచ్చాడు. 2021లో పదకొండు దిగింది. "ఇవే నా ఆఖరి ఎన్నికలు" అనే నాయకులెవరైనా మీకు గుర్తొస్తే ఆ పాపం నాది కాదు.

సరే, మారదామని మనం అనుకున్నంత మాత్రాన అయిపోదు. ఇది పెళ్లి సంబంధం లాంటిది, అవతలివాళ్లకీ మనం నచ్చాలి. టీపీఎం 2.0 అనే రహస్య తాళాలు దాచే చిప్పు ఉందా, ఆన్ చెయ్యగానే దొంగ ప్రోగ్రాములు దూరకుండా కాపలా కాసే సెక్యూర్ బూట్ ఉందా అని ఆరా తీస్తారు. ప్రాసెసర్ ఇంటెల్‌దైతే ఎనిమిదో తరం నుంచే లెక్క. సంబంధమంటే అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడమన్నారు మన పెద్దలు. వీళ్లు ఆ ఏడు తరాల్నీ గుమ్మంలోంచే వెనక్కి పంపారు. అయితే ఏడో తరంలోనే ఓ గుప్పెడు చిప్పులకు మినహాయింపు దొరికింది. వాటిలో ఒకటి మైక్రోసాఫ్ట్ సొంత సరుకైన సర్ఫేస్ స్టూడియో 2 కంప్యూటర్‌లోది. మేనరికానికి జాతకాలేమిటి లెండి!

వాస్తు సంగతి ఎవరూ పట్టించుకోకపోవడం నన్ను కలచివేస్తోంది. 1995లో తెర నైరుతి మూలన బరువుగా కూర్చున్న స్టార్ట్ బటన్‌ని తెచ్చి దక్షిణం మధ్యలో పెట్టారు. నైరుతి ఖాళీగా ఉంటే ఇంటి యజమానికి ఏమవుతుందో వేరే చెప్పాలా? సెట్టింగ్స్‌లో పరిహారం ఉందనుకోండి, బటన్‌ని మళ్లీ ఎడమకి జరుపుకోవచ్చు.

ఇక నిర్ణయం. "ఇప్పుడే చెయ్యి", "తర్వాత గుర్తుచెయ్యి" అంటారు తప్ప "వద్దు బాబూ, మళ్లీ అడక్కు" అనే బటన్ పెట్టరు. 2016లో పదికి మారమని వెంటపడ్డప్పుడైతే, విసిగిపోయి మూలనున్న ఇంటు గుర్తు నొక్కి కిటికీ మూసినా ఒప్పుకున్నట్టే లెక్కేశారు. అడక్కుండానే తన ఆఫీసు కంప్యూటర్ మారిపోయి మొరాయించిందని కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడిపే ఒకావిడ కోర్టుకెక్కి 10,000 డాలర్లు రాబట్టింది. మన దగ్గరైతే కేసు తేలేలోపు పద్నాలుగో పదిహేనో వచ్చేస్తుంది.

వాయిదా కావాలంటే దానికీ రేటు పెట్టారు. ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లకు 30 డాలర్లు, లేదా 1,000 రివార్డ్ పాయింట్లు. రెండూ వద్దంటే సెట్టింగ్స్ తీసుకెళ్లి వాళ్ల క్లౌడ్‌లో దాచుకుంటే ఊరికే ఇస్తారు. పాయింట్లు వాళ్ల సెర్చ్ ఇంజన్ బింగ్‌లో వెతికి సంపాదించుకోవచ్చు, కానీ మనిషికి పరువనేది ఒకటుంటుంది.

ఈ గొడవలేవీ అంటని స్థితప్రజ్ఞుడు మాత్రం ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. మా బజార్లో డీటీపీ సెంటరాయన ఆ కోవకి చెందినవాడు. ఆయన సిస్టంలో నడిచేది పాతకాలపు విండోస్ ఎక్స్‌పీ. దానికి సపోర్టు పోయింది 2014 ఏప్రిల్ 8న. అందులో పేజీలు పేర్చే పేజ్‌మేకర్ 7, దాని మీద తెలుగు అక్షరాలకు అను ఫాంట్లు. ఊళ్లో జరిగిన పెళ్లిళ్లన్నీ ఆ హార్డ్ డిస్కులోనే ఉన్నాయి. ఆ ఫాంట్లు ఏ కంప్యూటరైనా చదవగలిగే యూనికోడ్ పద్ధతివి కావు, ఆ మ్యాటర్ తీసి ఇంకోచోట పెడితే తెలుగు కాస్తా పిచ్చిగీతలవుతుంది. అందుకే ఆయన ఎక్స్‌పీని వదల్లేదు, దాని భద్రత కోసం నెట్ కనెక్షనూ పెట్టించుకోలేదు. పెన్‌డ్రైవ్ చేత్తో పట్టుకుని వచ్చినవాణ్ణి గుమ్మం దగ్గరే నిలేస్తాడు. పాత శుభలేఖ ఫైలు తెరుస్తాడు, వధూవరుల పేర్లు మారుస్తాడు, ముహూర్తం మారుస్తాడు, "ప్రూఫ్ చూస్కోండి" అని కాగితం చేతిలో పెడతాడు. పాత పెళ్లి తాలూకు మేనమామ ఒకాయన కొత్త కార్డులోనూ ఆహ్వానిస్తూ ఉండిపోవడం తప్ప వేరే వైరస్ ఆ సిస్టం ఎరగదు.

టీపీఎం మొదలుకొని వాస్తు దాకా అన్నీ వివరించి, మరి అప్‌గ్రేడ్ ఎప్పుడని ఆయన్ని అడిగాను. కీబోర్డు మీంచి తలెత్తకుండానే, "చేశాం కదండీ," అన్నాడు. "మొన్ననే ప్రింటర్‌కి టోనర్ మార్చాం."